రెండో రీడింగు: లేజర్ కాంతి, అణువుల కదలికలపై పాఠకుల ప్రశ్నలు

కిందటి సంచికలో రామన్ వర్ణపటం (లేజర్ కాంతి అణువులకు తగిలి, కాస్త రంగు మారి వెదజల్లబడినప్పుడు కనిపించే గీతలు) గురించి రాస్తూ, చివర్లో "పోలరైజర్ తొంభై డిగ్రీలు తిప్పి రెండో రీడింగు కూడా తీయండి, సగం విషయం అందులోనే ఉంది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. పోలరైజర్ అంటే ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రం దాటనిచ్చే పలక; వెదజల్లిన కాంతి ముందు పెట్టినప్పుడు దాన్నే అనలైజర్ అంటాం. లేజర్ కాంతి ఊగే దిశలో పెట్టి తీసేది నిలువు రీడింగు, దానికి అడ్డంగా తిప్పి తీసేది అడ్డ రీడింగు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ వాక్యం మీదే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, మిగిలినవాటికి జవాబులు రాస్తున్నాను.

*

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థినిని. సౌష్ఠవం చెడని కంపనాల రామన్ గీతలు ధ్రువితాలనీ (వాటి కాంతి ఎక్కువగా ఒకే దిశలో ఊగుతుంది), మిగతావి అధ్రువితాలనీ బట్టీ పట్టాం. కానీ ద్రవంలో అణువులు ఒక్కొక్కటి ఒక్కో వైపుకు తిరిగి ఉంటాయి కదా? అంత గందరగోళంలో అణువు ఎలా ఊగుతోందో లేజర్ కాంతికి ఎలా తెలుస్తుంది?

జవాబు: బట్టీ పట్టాక కూడా ఈ అనుమానం వచ్చిందంటే నువ్వు పుస్తకాన్ని సరిగ్గానే చదివావమ్మా.

కార్బన్ టెట్రాక్లోరైడ్ తీసుకుందాం. మధ్యలో ఒక కార్బన్, చుట్టూ నాలుగు క్లోరిన్లు. దీని వర్ణపటంలో సెంటీమీటరుకు 218, 314, 459 దగ్గర మూడు మంచి గీతలు కనిపిస్తాయి (గీత లేజర్ కాంతి నుంచి ఎంత జరిగిందో చెప్పే కొలత ఇది). 459 గీత నాలుగు క్లోరిన్లూ ఒకేసారి బయటికి జరిగి, ఒకేసారి లోపలికి వచ్చే కంపనానిది. ఒక ఊపు పూర్తవడానికి దాదాపు 73 ఫెమ్టోసెకన్లు (ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతుకు మళ్లీ వెయ్యో వంతు) పడుతుంది. 218 గీత బంధాల మధ్య కోణాలు వంగే కంపనానిది.

లేజర్ కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఒకే గీత వెంట పైకీ కిందికీ ఊగుతుంది. అది అణువులోని ఎలక్ట్రాన్ మేఘాన్ని తనతోపాటు ఊపుతుంది. ఊగే మేఘమే మళ్లీ కాంతిని వెదజల్లుతుంది. మేఘం అన్ని దిక్కులా ఒకేలా సాగేదైతే, అణువు ఏ వైపు తిరిగి ఉన్నా ఊపు మాత్రం క్షేత్రం దిశలోనే ఉంటుంది. గుండ్రటి బెలూన్‌ను ఎటు తిప్పి పట్టుకున్నా గుండ్రంగానే కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. మేఘం ఒక దిక్కున సులువుగా, ఇంకో దిక్కున కష్టంగా సాగేదైతే ఊపు క్షేత్రం దిశ నుంచి కాస్త పక్కకు ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందో అణువు తిరిగి ఉన్న వైపును బట్టి ఉంటుంది. అన్ని అణువుల సగటు తీస్తే, కొంత కాంతి అడ్డ దిశలో ధ్రువితమై వస్తుంది.

రామన్ గీతకు లెక్కలోకి వచ్చేది మేఘం సాగే గుణం కాదు, కంపనం వల్ల ఆ గుణంలో వచ్చే మార్పు. 459 కంపనంలో మేఘం మొత్తంగా పెరిగి తగ్గుతుంది, గుండ్రదనం చెడదు. అందుకని అనలైజర్‌ను అడ్డంగా పెడితే ఆ గీత దాదాపు మాయమవుతుంది. నిలువు రీడింగులో నూరో వంతు కూడా మిగలదు. 218లో మేఘం ఒక దిక్కున సాగితే ఇంకో దిక్కున కుదించుకుపోతుంది. సగటు పరిమాణం మారదు, ఆకారం మాత్రమే మారుతుంది. అప్పుడు అడ్డ రీడింగు నిలువు రీడింగులో సరిగ్గా 3/4 వంతు వస్తుంది.

ఆ 3/4 ఎక్కడిదని నీ తరవాతి ప్రశ్న ఎలాగూ వస్తుంది. సగటు మార్పు వర్గాన్ని 'స' అనీ, ఆకారపు మార్పు వర్గాన్ని 'ఆ' అనీ అనుకో. అణువులన్నీ అన్ని వైపులకూ తిరిగి ఉన్నాయని సగటు కడితే, నిలువు కాంతి 45స + 4ఆ అవుతుంది, అడ్డం కాంతి 3ఆ మాత్రమే. 'స' సున్నా అయితే అడ్డానికీ నిలువుకూ నిష్పత్తి 3/4. 'ఆ' సున్నా అయితే నిష్పత్తి కూడా సున్నా. మామూలు రామన్ గీతలన్నీ ఈ రెంటి మధ్యే ఉండాలి. 'స', 'ఆ' రెండూ అణువును ఎటు తిప్పినా మారని సంఖ్యలు, అందుకే నువ్వు భయపడిన గందరగోళం వాటిని చెరపలేదు. ఇన్‌ఫ్రారెడ్ శోషణలో ఈ సౌకర్యం లేదు. ద్రవంలో అక్కడ పోలరైజర్ ఎంత తిప్పినా ఒకటే రీడింగు వస్తుంది.

ఇంకో మాట. 1928లో రామన్, కృష్ణన్ తాము చూసిన కొత్త కాంతి ఫ్లోరసెన్స్ (కాంతిని మింగి తరవాత వేరే రంగులో విడిచే వెలుగు) కాదని వాదించడానికి చూపిన ఆధారాల్లో ఈ ధ్రువణం ఒకటి. అప్పుడు లేజర్ లేదు. ఎండను, తరవాత పాదరసపు దీపాన్ని వాడారు. లేజర్‌తో రామన్ గీతలు 1962లో పోర్టో, వుడ్ రూబీ లేజర్ వాడి తీశారు. అప్పటినుంచి ఈ కొలత బాగా సులువైంది. ఒకే దిక్కున పోయే కాంతి, అదీ ముందే ధ్రువితమై దొరికితే ఇంకేం కావాలి? అయినా ఇవాళ్టికీ చాలా మంది గీత ఎక్కడుందో రాసుకుని, నిష్పత్తి రాసుకోకుండా లేచిపోతారు. నాకు ఇది మింగుడు పడదు.

*

ప్రశ్న: నేను పరిశోధక విద్యార్థిని. మా దగ్గర మైక్రోస్కోప్ బిగించిన రామన్ యంత్రం ఉంది, 532 నానోమీటర్ల లేజర్. మీరు చెప్పిన కార్బన్ టెట్రాక్లోరైడ్‌తోనే చూశాను. 218 గీతకు నిష్పత్తి 0.91, 314కు 0.90, 459కు 0.06 వచ్చాయి. 0.75 దాటకూడదు కదా? యంత్రం పాడైందంటారా? గైడ్‌కు చూపించాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ధైర్యంగా చూపించు బాబూ, యంత్రం పాడవలేదు. నీకు తెలియకుండానే మంచి పరీక్ష చేశావు. ఈ ద్రవంలో ఉన్న మేలు అదే, రెండు రకాల లోపాలను రెండు వేరు వేరు గీతలు విడివిడిగా పట్టిస్తాయి.

మొదట 218, 314 చూడు. అవి 0.75 ఉండాల్సింది, రెండూ దాదాపు ఒకే పాళ్లలో, 1.2 రెట్లు ఎక్కువ వచ్చాయి. ఇది గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే గీతల పలక) పక్షపాతం. గ్రేటింగ్ నిలువు కాంతిని, అడ్డం కాంతిని ఒకేలా పంపదు. నీ గ్రేటింగ్ అడ్డం వైపు మొగ్గుతోంది. దీనికి రెండు దారులున్నాయి. అనలైజర్ దాటాక, స్లిట్‌కు (స్పెక్ట్రోమీటర్‌లోకి కాంతి వెళ్లే సన్నటి చీలిక) ముందు స్క్రాంబ్లర్ పెడితే ధ్రువణం కలగాపులగమై గ్రేటింగ్‌కు తేడా తెలియదు. లేదంటే అనలైజర్‌ను అసలు కదపకుండా, లేజర్ దారిలో హాఫ్‌వేవ్ ప్లేట్ పెట్టి దాన్ని 45 డిగ్రీలు తిప్పు, కాంతి ధ్రువణం 90 తిరుగుతుంది. గ్రేటింగ్ మీద ఎప్పుడూ ఒకే ధ్రువణం పడుతుంది కనుక పక్షపాతానికి చోటుండదు. నేనైతే రెండోదే చేస్తాను. కాకపోతే ప్లేట్ తిప్పిన ప్రతిసారీ నమూనా దగ్గర పవర్ కొలుచుకోవాలి. 1.2తో భాగించేసి ఊరుకుంటానంటే ఈ మూడు గీతలకు సరిపోతుంది కానీ, ఆ పక్షపాతం తరంగదైర్ఘ్యంతో మారుతుంది. సెంటీమీటరుకు 3000 దగ్గర ఇదే 1.2 పనికిరాదు.

ఇక 459. 0.06ను 1.2తో భాగించినా 0.05 మిగులుతుంది. ఉండాల్సింది 0.01 లోపే. ఇది పక్షపాతం కాదు, లీకు. నువ్వు వాడిన ఆబ్జెక్టివ్ (నమూనా వైపు ఉండే మైక్రోస్కోప్ కటకం) ఎంత పెద్దదో రాయలేదు, 50 రెట్లదో 100 రెట్లదో అయి ఉంటుందని నా ఊహ. అంత వెడల్పు కోణంలో కాంతిని కూడదీస్తే నిలువు, అడ్డం అనే హద్దు కలిసిపోతుంది. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో తీసి చూడు. సిగ్నల్ పడిపోతుంది కానీ నిష్పత్తి దిగుతుంది. అప్పటికీ దిగకపోతే 45 డిగ్రీల్లో ఉన్న డైక్రోయిక్ అద్దాన్ని (కొన్ని రంగులను తిప్పికొట్టి మిగతావాటిని దాటనిచ్చే అద్దం) అనుమానించు. దానిమీద పడే ధ్రువణం సరిగ్గా నిలువో, సరిగ్గా అడ్డమో కాకుండా మధ్యలో ఉంటే అద్దం దాన్ని దీర్ఘవృత్తం చేసి పంపుతుంది. క్యువెట్‌ను (ద్రవం పోసే చిన్న గాజు పాత్ర) క్లిప్పుతో గట్టిగా నొక్కి పెట్టినా గాజులో ఒత్తిడి వల్ల ఇదే తంటా.

ఆ ద్రవం కాలేయానికి చెడ్డది. మూత సీలు చేసిన క్యువెట్‌లోనే వాడు. రోజువారీ పరీక్షకు సైక్లోహెక్సేన్‌లోని 801 గీత చాలు, అదీ బాగా ధ్రువితమైనదే. మండే ద్రవం కాబట్టి దాని జాగ్రత్త దానిది.

0.75 నిజంగానే దాటే సందర్భం కూడా ఒకటుంది. లేజర్ రంగు అణువు మింగే రంగుతో కలిసినప్పుడు 'స', 'ఆ'లకు తోడు మూడో సంఖ్య ఒకటి లేస్తుంది. భౌతిక శాస్త్రవేత్త ప్లాచెక్ 1934లోనే సిద్ధాంతంలో దీనికి చోటిచ్చాడు. హిమోగ్లోబిన్, సైటోక్రోమ్ సి లలో స్పిరో, స్ట్రెకాస్ 1972లో చూపించారు. కొన్ని గీతలు అడ్డం అనలైజర్‌లోనే ఎక్కువ వెలుగుతాయి. నీ ద్రవానికి రంగే లేదు కాబట్టి ఆ సంబరం నీకు వర్తించదు.

*

ప్రశ్న: ద్రవంలో రామన్ గీత వెడల్పుకు కారణం కంపనం లయ తప్పడమా, అణువు తిరగడమా? రెండూ కలిసే ఉంటాయంటారు. విడదీయడం ఎలా?

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. నా దృష్టిలో రెండో రీడింగు అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది.

పైన చెప్పిన 45స + 4ఆ, 3ఆ మళ్లీ చూడండి. అడ్డం వర్ణపటాన్ని 4/3తో గుణించి నిలువు దాంట్లోంచి తీసేస్తే 'ఆ' పూర్తిగా పోతుంది, 'స' ఒక్కటే మిగులుతుంది. సంఖ్యకు సంఖ్య కాదు, వర్ణపటం మొత్తం, బిందువు తరవాత బిందువు అలా తీసేయాలి. మిగిలిన గీతకు అణువు తిరుగుడు అంటదు, ఎందుకంటే గుండ్రటిదాన్ని తిప్పినా మార్పుండదు. దాని వెడల్పు కంపనం లయ తప్పడం వల్లే వచ్చింది. అడ్డం గీత వెడల్పులో మాత్రం కంపనం, భ్రమణం రెండూ ఉంటాయి. రెంటి తేడా భ్రమణానిది.

లెక్క చేసి చూద్దాం. 'స' గీత వెడల్పు సగం ఎత్తు దగ్గర సెంటీమీటరుకు 2 అనీ, అడ్డం గీతది 5 అనీ అనుకోండి. భ్రమణం వాటా 3. సెంటీమీటరుకు 1 వెడల్పు అంటే 10.6 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). కనుక 10.6ను 3తో భాగిస్తే సుమారు మూడున్నర పికోసెకన్లు. అణువు తన పాత దిశను మరిచిపోవడానికి పట్టే కాలం అన్నమాట. గడియారం లేదు, అతి పొట్టి పల్స్ లేదు, నిరంతరంగా వెలిగే మామూలు లేజర్‌తోనే పికోసెకన్లు కొలిచేశాం.

చిక్కులు లేకపోలేదు. గీత ఆకారం లోరెంజియన్ (మధ్యలో పదునుగా ఉండి, పక్కలకు మెల్లగా వాలే ఒక గణిత ఆకారం) అయితేనే వెడల్పులను ఇలా నేరుగా తీసివేయవచ్చు. కంపనానికీ భ్రమణానికీ ఒకదానితో ఒకటి పని లేదని కూడా మనం ఒప్పుకున్నట్టే. స్లిట్ తెచ్చే వెడల్పును ముందే తీసేయాలి. అన్నిటికన్నా ముఖ్యం గీత ఎంపిక. 459 లాంటి గీత తీసుకుంటే అడ్డం వైపు ఏమీ ఉండదు. పైగా క్లోరిన్ 35, 37 ఐసోటోపుల కలగలుపు వల్ల ఆ గీతే చిన్న చిన్న శిఖరాలుగా చీలి ఉంటుంది. 218 తీసుకుంటే 'స' సున్నా. నిష్పత్తి మధ్యస్థంగా ఉండి, పొరుగున ఇంకో గీత లేనిదాన్ని వెతుక్కోవాలి. అలాంటి గీత దొరకని ద్రవాలూ ఉన్నాయి, వాటిని వదిలేయడం తప్ప దారి లేదు.

'స' గీత ఎంత సన్నగా ఉండగలదో తెలుసుకోవాలంటే ద్రవ నైట్రోజన్ చూడాలి. సెంటీమీటరుకు 2330 దగ్గర కంపించే ఆ గీత వెడల్పు 0.07 కూడా లేదు. మామూలు స్పెక్ట్రోమీటర్‌కు అది అందదు. మీ యంత్రంలో అది 2 వెడల్పుగా కనిపిస్తే, మీరు చూస్తున్నది మీ స్లిట్‌నే.

*

ప్రశ్న: నేను రిటైరైన లెక్చరర్‌ని. వాయువుల్లో శుద్ధ భ్రమణ రామన్ గీతలన్నిటికీ (కంపనం మారకుండా, అణువు తిరుగుడు మారడం వల్లే వచ్చేవి) నిష్పత్తి 3/4 అని మీరే గతంలో రాశారు. అన్నీ ఒకటే అయినప్పుడు పోలరైజర్ తిప్పి సాధించేదేమిటి? అలాగే నైట్రోజన్‌లో గీత విడిచి గీత బలంగా ఉండటం గురించీ రెండు ముక్కలు రాయగలరు.

జవాబు: మాస్టారూ, సాధించేది చాలానే ఉంది, కాకపోతే వేరే చోట. నైట్రోజన్ భ్రమణ గీతల్లో మొదటిది లేజర్ గీతకు సెంటీమీటరుకు 12 దూరంలోనే ఉంటుంది. ఆ తరవాతివి ఎనిమిదేసి దూరంలో వస్తాయి. పక్కనే రేలీ కాంతి (రంగు మారకుండా వెదజల్లబడేది) వాటికన్నా ఎన్నో రెట్లు ప్రకాశంగా ఉండి, మొదటి గీతలను ముంచేస్తుంది. కానీ ఆ రేలీ కాంతి దాదాపు పూర్తిగా ధ్రువితం. అనలైజర్ అడ్డంగా పెడితే అది నూరో వంతుకు పడిపోతుంది, భ్రమణ గీతలు మాత్రం పావు వంతే నష్టపోతాయి. దాంతో మునిగిన గీతలు పైకి తేలతాయి. కంపన గీత దగ్గరా ఇదే వరస. 2330 దగ్గర మధ్యనున్న పదునైన క్యూ శాఖ (అణువు తిరుగుడు మారకుండా కంపనం మాత్రమే మారే గీతల గుంపు) ధ్రువితం కాబట్టి అణిగిపోతుంది, రెండు పక్కలా ఉండే భ్రమణ రెక్కలు కనిపిస్తాయి. మీథేన్‌కైతే శుద్ధ భ్రమణ రామన్ గీతలే లేవు, దాని మేఘం గుండ్రంగా ఉంది కదా.

ఇక గీత విడిచి గీత సంగతి. అణువు తిరుగుడు స్థాయిలకు 0, 1, 2 అని వరస సంఖ్యలుంటాయి. నైట్రోజన్‌లో సరి సంఖ్య స్థాయిల నుంచి వచ్చే గీతలు బేసి వాటికన్నా రెట్టింపు బలంగా ఉంటాయి. ఆక్సిజన్‌లో సరి స్థాయిలు అసలే ఉండవు. హైడ్రోజన్‌లో తిరగేసి, బేసివి మూడు రెట్లు. కారణం కేంద్రకాల స్పిన్, అంటే వాటిలో సహజంగా ఉండే తిరుగుడు గుణం. 1929లో రాసెట్టి నైట్రోజన్ గీతలు తీసినప్పుడు, కేంద్రకంలో 14 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు ఉంటాయని అందరి నమ్మకం. మొత్తం 21, బేసి సంఖ్య. ఆ లెక్కన బేసి గీతలు బలంగా ఉండాలి. వచ్చినవి సరివి. అదే ఏడాది హైట్లర్, హెర్జ్‌బర్గ్ ఈ వైరుధ్యాన్ని ఎత్తి చూపారు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుక్కున్నాక చిక్కు విడిపోయింది. 7 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు, మొత్తం 14. వాయువు మీద కాంతి వేసి కేంద్రకం లోపల ఎలక్ట్రాన్లు లేవని పట్టుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

*

ప్రశ్న: లేజర్‌తో అణువులను వరసలో నిలబెట్టారనీ, గిరగిరా తిప్పి విరగ్గొట్టారనీ చదివాను. నమ్మొచ్చా? నేను సైన్స్ చదవలేదు, సులువుగా చెప్పండి.

జవాబు: రెండూ నమ్మొచ్చు. పొడుగాటి అణువు ఎలక్ట్రాన్ మేఘం పొడుగు వైపు సులువుగా సాగుతుంది. అందుకని బలమైన లేజర్ పల్స్ తగిలితే, అణువు తన పొడుగును కాంతి ఊగే దిశకు తిప్పుకోవాలని చూస్తుంది. పల్స్ అతి పొట్టిగా, 100 ఫెమ్టోసెకన్ల మేర ఉంటే అది ఒక్క తోపు తోసి వెళ్లిపోతుంది. అణువులు ఒక క్షణం వరసగా నిలబడి, తరవాత ఎవరి దారిన అవి చెదిరిపోతాయి. అసలు విశేషం దీని తరవాతే. అణువులు ఇష్టమొచ్చిన వేగంతో తిరగలేవు, వాటికి అనుమతి ఉన్న వేగాలు లెక్కగా ఉంటాయి. అందుకని కాసేపటికి అన్నీ మళ్లీ ఒకే వరసలోకి వస్తాయి. నైట్రోజన్‌కు 8.4 పికోసెకన్లకోసారి, ఆక్సిజన్‌కు 11.6, కార్బన్ డయాక్సైడ్‌కు 42.7. ఇది తెలుసుకోవడానికి వెనకాలే 45 డిగ్రీల్లో ధ్రువితమైన బలహీనమైన రెండో పల్స్ పంపి, ఎదురుగా అడ్డం అనలైజర్ పెడతారు. అణువులు వరసలో ఉన్నప్పుడే అందులోంచి వెలుగు దాటుతుంది. తలా తోకా తేడా మాత్రం ఈ పద్ధతికి తెలియదు. అణువు పొడుగు ఎటుందో తెలుస్తుంది కానీ తల ఏ చివరో తెలియదు.

విరగ్గొట్టడానికి ధ్రువణ దిశనే తిప్పుతారు. మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోతే అణువు దాన్ని పట్టుకుని తిరుగుతుంది. కెనడాలో కోర్కమ్ బృందం 1999లో ఈ ఆలోచన చెప్పింది. 2000లో క్లోరిన్ అణువును బంధం తెగేదాకా తిప్పి చూపించింది.

గుండ్రంగా తిరిగే ధ్రువణం గురించి ఇంకో ముగ్గురు అడిగారు, వాళ్లకూ ఇక్కడే చెబుతాను. ఆ కాంతిని అణువు మీద వేసినప్పుడు, భ్రమణ గీతగా ముందుకు వచ్చే కాంతి ఎక్కువగా తిరుగుడు దిశ మార్చుకుని వస్తుంది. కాంతి, అణువు తిరుగుడును ఇచ్చిపుచ్చుకుంటాయి. వెదజల్లిన కాంతి ధ్రువణంలో ఫోటాన్ స్పిన్‌కు ఆధారం ఉందని రామన్, సూరి భగవంతం 1931లోనే వాదించారు. కుడి ఎడమ తేడా ఉన్న అణువులను గుర్తించే రామన్ ఆప్టికల్ యాక్టివిటీ కొలతను 1973లో బారన్, బొగార్డ్, బకింగ్‌హామ్ ప్రకటించారు. అక్కడ వెతికే తేడా వెయ్యిలో ఒకటి, ఒక్కోసారి ఇంకా తక్కువ.

*

ప్రశ్న: నా పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసును అనలైజర్‌గా వాడొచ్చా? పెట్టుకుని చూస్తే లేజర్ నుంచి కళ్లకూ రక్షణ అవుతుందేమో?

జవాబు: మొదటిదానికి జవాబు, సరదాకు వాడొచ్చు. దాని అద్దం ఊడదీసి తెర మీద పడ్డ లేజర్ పాయింటర్ చుక్క ముందు తిప్పితే వెలుగు పెరిగి తగ్గడం కనిపించవచ్చు. కనిపించకపోతే ఆ పాయింటర్ ధ్రువణం స్థిరంగా లేదన్నమాట. రామన్ కాంతి మాత్రం దానితో కనిపించదు. వెదజల్లిన కాంతిలోనే అది అతి చిన్న వాటా, ఫిల్టరూ స్పెక్ట్రోమీటరూ లేకుండా కంటికి దొరకదు.

రెండోదానికి, ఎంతమాత్రం కాదు. కూలింగ్ గ్లాసు ఒక ధ్రువణాన్ని ఆపితే దానికి అడ్డంగా ఉన్నదాన్ని వదిలేస్తుంది, మీరు తల వంచితే చాలు. పైగా చీకటిగా ఉండటంతో కంటిపాప పెద్దదవుతుంది, అది ఇంకా ప్రమాదం. లేజర్ కళ్లజోడు వేరే ఉంటుంది, ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత మేరకు ఆపుతుందో దానిమీదే రాసి ఉంటుంది. 532 నానోమీటర్ల లేజర్‌కు 532కు సరిపడేదే పెట్టుకోవాలి, 785కు చేసింది పనికిరాదు.

పోలరైజర్లు ఎలా తయారవుతాయని అడిగిన ఇద్దరికీ జవాబు వచ్చే సంచికలో.